గృహవసతి సమస్య: యువ పరిశోధకులు

న్యాయస్థానమున పది గజముల గోడను గూర్చి తగవు వచ్చినను, సాక్షిని బోనెక్కింపక, దస్తావేజును చూడక, అవసరమైనచో స్థలపరీక్షకు కమీషనరును పంపక తీర్పు చెప్పుట లేదు. లక్షల కొలది పేదల ఇండ్లను గూర్చి మాత్రము మన ప్రభుత్వములు తఱచుగా సాక్ష్యము లేకయే తీర్పు చెప్పుచున్నవి. ఇండ్లెచట కట్టవలెను, గది యెంత యుండవలెను, ఎవరికీయవలెను, కూలివాడు నెలకెంత అద్దె భరింపగలడు? ఇవి యన్నియు రాజధానిలోని బల్లలకడనే తేలిపోవుచున్నవి. ఆ సాక్ష్యము తేగలవారు మనలో లేకపోలేదు. విశ్వవిద్యాలయములనుండి నిన్ననో మొన్ననో వెలువడి, గృహవసతిని తమ అధ్యయన విషయముగా స్వీకరించిన యువకులును యువతులును ఉన్నారు. వారికి తగిన భృతి లేదు. చేసిన పనికి పేరు లేదు. కచేరీలలో ప్రవేశము లేదు. ఈ కొఱత వలన సంగారెడ్డి పటాన్‌చెరు ప్రాంతమునకు కలుగుచున్న నష్టమెట్టిదో, దానిని తీర్చు మార్గమేదో నేడు పాఠకులకు విన్నవింపదలచితిమి.

మొదట ఈ ప్రాంతపు స్థితిని చూతము. 1960 దశకమున రామచంద్రాపురములో భారత హెవీ ఎలక్ట్రికల్సు కర్మాగారము వెలసినప్పుడు దానితోపాటు ఉద్యోగుల నివాసమునకు ఒక చక్కని టౌనుషిప్పును వెలసినది. 1984 లో ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారమును స్థాపించినప్పుడును ఇండ్లు దానివెంట వచ్చినవి. యంత్రము వచ్చుచోటికి మనిషియు వచ్చును, మనిషికి ఇల్లు కావలెనను ఎఱుక ఆ ప్రణాళికలలో ఉండెను. కాని 1970 దశకమునుండి పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారములలో వరుసగా లేచిన ప్రైవేటు కర్మాగారముల విషయమున ఆ ఎఱుక కానరాదు. భూమిని చదును చేసిరి, రోడ్లు వేసిరి, విద్యుత్తు నిచ్చిరి, ప్లాట్లు పంచిరి. పనిచేయ వచ్చినవాడు రాత్రి యెక్కడ తల వాల్చునని అడిగినవారు అరుదు.

ఆ ప్రశ్నకు ఊళ్లే తమకు తోచిన సమాధానము చెప్పుకొన్నవి. ఇస్నాపూరు, ముత్తంగి, రుద్రారము మొదలగు చోట్ల కాస్త ఖాళీ స్థలమున్నవారు వరుసగా గదులు వేసి కిరాయికిచ్చుచున్నారు. బీహారు, ఒడిశా, ఝార్ఖండు, ఉత్తరప్రదేశములనుండి వచ్చిన కూలీలు ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు చేరి ఆ కిరాయిని పంచుకొందురు. పగటి షిఫ్టువాడు లేచిపోయిన చాపమీదనే రాత్రి షిఫ్టువాడు నడుము వాల్చుట పారిశ్రామిక వాడలలో వింత కాదు. ఈ గదుల యజమానులను మేము దూషింపబోము. ప్రభుత్వమును కర్మాగారములును కట్టని యిండ్లను వారు కట్టిరి. కాని కిరాయి యెంత, నీరెంత, మరుగుదొడ్డి యెందఱికొకటి, ఏడాదిలో కూలివాడెన్నిమార్లు గది మాఱుచున్నాడు, ఎందులకు మాఱుచున్నాడు అను లెక్క ప్రభుత్వపు పద్దులలో చేరుట లేదు.

జనాభా లెక్కలు తీయువారు గోడను, కప్పును, గదులను లెక్కింతురు. అద్దె యెంతయని అడుగరు. 2021 లో జరుగవలసిన ఆ లెక్కయు అప్పుడు జరుగలేదు. 2027 జనగణనకై 2025 జూనులో ప్రకటన వెలువడినది. జాతీయ నమూనా సర్వేలవారు అద్దెను అడుగుదురు, నిజమే. కాని రాష్ట్రము మొత్తమునకు సరిపడునట్లు ఎంచిన నమూనా ఒక్క ఇస్నాపూరు సంగతిని చెప్పజాలదు. పెద్ద వల చిన్న చేపను పట్టదు. ఈ చిన్న లెక్కకు మనిషి వచ్చి, గదిగదికి తిరిగి, కూర్చుండి, మాటాడి వ్రాసికొనవలెను. ఆ మనిషియే మేము చెప్పుచున్న యువ పరిశోధకుడు.

ఈ లెక్క లేకపోవుట వలన నష్టమేమి యని యడుగువారికి ఈ జిల్లాలోనే జరిగిన మూడు సంగతులను జ్ఞాపకము చేయుదుము. 2020 మార్చిలో దేశమంతట లాక్‌డౌను విధింపబడినప్పుడు, కందిలోని భారతీయ సాంకేతిక విజ్ఞాన సంస్థ భవనములను కట్టుచుండిన రెండువేలకు పైబడిన వలస కూలీలు తమ శిబిరములలో చిక్కుకొనిరి. ఏప్రిలు 29 న జీతములకై, ఇంటికి పోవుటకై వారు ఆందోళనకు దిగగా పోలీసులతో ఘర్షణ జరిగినది. మే 1 తెల్లవారుజామున లింగంపల్లినుండి ఝార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మందితో ఒక బండి బయలుదేరెను. వలస కూలీలకై ఆ విపత్కాలమున దేశములో నడచిన మొదటి ప్రత్యేక రైలు అదియే. విద్యాలయమునకు గోడలు లేపిన చేతులకు ఆ గోడల నీడ రెండు నెలలైనను ఆసరా కాలేదు. అదే సంవత్సరము జూలై 8 న కేంద్ర మంత్రివర్గము వలస కార్మికులకు సరసమైన అద్దె యిండ్ల పథకము నొకదానిని ఆమోదించినది. దేశములో ఖాళీగా పడియున్న ప్రభుత్వపు ఇండ్లు 83 వేలకు పైగా గుర్తింపబడగా, 2023 నాటికి వానిలో అద్దె యిండ్లుగా మాఱినవి ఆఱువేలకు లోపే. ఖాళీ యిల్లొకచోట, కూలివాని పని మఱియొకచోట నుండినచో మంచి పథకమైనను ఏమి చేయగలదు?

రెండవది కొల్లూరు సంగతి. 2023 జూను 22 న రామచంద్రాపురము మండలములోని కొల్లూరులో 15,660 రెండు పడకగదుల ఇండ్లకు ప్రారంభోత్సవము జరిగెను. 117 భవనములు, ఒక్కొక్క యిల్లు 560 చదరపు అడుగులు. దేశములో ఇంత పెద్ద పేదల కాలనీ అరుదు, కట్టినవారిని మెచ్చుకొనవలసినదే. ఈ యిండ్లను హైదరాబాదు నగరములోని పేదలకు కేటాయించిరి. తరువాత కొందఱు కాపురమునకు రాలేదనియు, కొందఱు ఇతరులకు అద్దెకిచ్చిరనియు పత్రికలలో వార్తలు వెలువడినవి. ఇట్టి వార్త వచ్చినప్పుడు మన అలవాటు ఏమన, తనిఖీకి మనుష్యులను పంపుట, తాళములు లెక్కించుట, నోటీసు లంటించుట. తాళము కనబడును, తాళము వేసిపోయిన కారణము కనబడదు. ఇండ్లలో పాచిపని చేయు స్త్రీ తాను పనిచేయు వీథికి బస్సు ఛార్జీ యెంతగునో లెక్క వేసికొన్నదా? బడి దొరకలేదా? తొమ్మిదవ అంతస్తులో బండి సరకును ఎక్కడ దింపుకొనవలెనో తోపుడుబండివానికి తోచలేదా? ఇది తనిఖీవాడు తేల్చు పని కాదు. నమ్మకము సంపాదించి, ఏడాదిపాటు వచ్చిపోవు పరిశోధకుడు తేల్చవలసిన పని. ఆ పని ఇండ్లు కట్టుటకు ముందే జరిగియుండినచో మఱింత మేలు.

మూడవది 2025 జూను 30 న పాశమైలారములోని ఒక ఔషధ పదార్థముల కర్మాగారమున జరిగిన పేలుడు. నలుబదిమందికి పైగా మడిసిరి. మృతులలో పలువురు పరరాష్ట్రముల కార్మికులు. దేహములను గుర్తుపట్టుటకు జన్యుపరీక్షలు చేయవలసివచ్చెను. ప్రమాదమునకు కారణములను విచారించువారు వేఱు. వారి పనిలో మేము జోక్యము చేసికొనము. గృహవసతికి సంబంధించిన ప్రశ్నను మాత్రము అడుగుదుము. ఇట్టి కర్మాగారములకు ఎన్ని గజముల దూరమున ఎందఱు నిద్రించుచున్నారు? ఆ గదులనుండి బయటపడుటకు దారి యెటు? ఈ దూరములను కొలిచి పటము గీచుటకు గొప్ప యంత్రములు అక్కఱలేదు. ఇద్దఱు చదువుకొన్న యువకులును, ఆఱునెలల భృతియు చాలును.

సాక్ష్యముయొక్క బలము ఈ ప్రాంతమువారికి తెలియని విషయము కాదు. నక్కవాగు నీరు రంగు మాఱి, పొలములు చెడి, బావులు పాడైనప్పుడు పటాన్‌చెరు వైద్యులు డాక్టరు కిషన్‌రావు వంటివారు రోగములను, నీటిని పరిశీలించి వివరములు కూర్చిరి. 1990 లో ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టుకెక్కినది. సంగారెడ్డిలోని జిల్లా న్యాయాధిపతి విచారణ జరిపి రైతుల నష్టమును నిర్ణయింపవలసివచ్చెను. కాలుష్యము తీఱినదని మేమనము. కాని నీటికి సాక్షి దొరికినందున న్యాయస్థానము తలుపు తెఱచుకొన్నది. కార్మికుని గదికి అట్టి సాక్షి నేటికిని దొరకలేదు.

దొరకకపోవుట యెంత నష్టమో వకీలు వృత్తిలోనివారికి మఱింత స్పష్టముగా తెలియును. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము, పరరాష్ట్రమునుండి కూలీలను తెచ్చిన గుత్తేదారు వారికి తగిన నివాసము కల్పింపవలెనని విధించినది. నలువది యేండ్లకు పైగా ఆ విధి చట్టపుస్తకములో నుండెను. 2025 నవంబరు 21 న వృత్తి భద్రతా ఆరోగ్య స్మృతి అమలునకు రాగా ఆ పాత చట్టము రద్దయ్యెను. ఈ నలువది యేండ్లలో పటాన్‌చెరు వాడలో ఎందఱు గుత్తేదారులు ఆ విధిని పాటించిరి, పాటింపనిచో కూలివాడు తన జీతములో ఎన్నవ వంతు కిరాయికి పోసెను అని చెప్పగల పత్రము చేతనుండినచో, చట్టము మాఱు సమయమున కార్మికుని పక్షమున నిలిచి గట్టిగా వాదింప వీలగుచుండెను. రేపు కొత్త నియమములను వ్యాఖ్యానించునప్పుడైనను అట్టి పత్రము కావలసియుండును.

గదిగదికి తిరిగి లెక్క వ్రాయుట మన దేశమునకు కొత్త విద్య కాదు. 1916 లో మద్రాసు విశ్వవిద్యాలయ అర్థశాస్త్రాచార్యుడైన గిల్బర్టు స్లేటరు తన విద్యార్థులను వారి వారి స్వగ్రామములకు పంపి, ఇంటింటి వివరములు వ్రాయించెను. ఆ విద్యార్థుల వ్రాతలు 1918 లో గ్రంథరూపమున వెలువడినవి. 1940 నాటికి మఱియొకరు అవే గ్రామములను తిరిగి పరిశీలించి, ఏమి మాఱినదో చెప్పగలిగిరి. మన నిజాం రాష్ట్రములో ఎస్. కేశవయ్యంగారు 1929-30 లో ఆర్థిక పరిశోధనలు నడపి సంపుటములుగా ప్రకటించిరి. నాటి రైతుల అప్పులను గూర్చి మాటాడువారు నేటికిని ఆ సంపుటములను తెఱచుచున్నారు. ఇరువదేండ్ల విద్యార్థి పెన్సిలుతో వ్రాసిన లెక్క నూరేండ్లు నిలుచును. పెద్ద పదవిలోనివాని ఉపన్యాసము మఱునాటికి నిలువదు.

అంత దూరము పోనక్కఱలేదు. పటాన్‌చెరులోనే 1972 లో స్థాపితమైన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థ, ఇక్రిశాటు, ఉన్నది. ఆ సంస్థవారు 1975 లో ఆఱు పల్లెలను ఎన్నుకొనిరి. మహబూబునగరు జిల్లాలో డోకూరును మఱియొక గ్రామమును, మహారాష్ట్రములో షోలాపూరు, అకోలా జిల్లాలలో నాలుగు గ్రామములు. ఒక్కొక్క ఊర 40 కుటుంబములు. చదువుకొన్న యువకులను ఆయా ఊళ్లలోనే కాపురముంచి, మూడు నాలుగు వారముల కొకమాఱు ఆ యిండ్లకే పంపి, పంట, కూలి, అప్పు, తిండి, ఖర్చు అన్నియు వ్రాయించిరి. పదేండ్లు అట్లు సాగిన ఆ లెక్కలు ప్రపంచమందలి ఆర్థికవేత్తలకు ఆధారమైనవి. ఎందఱో యువకులు వానిమీద పరిశోధన చేసి పట్టములు పొందిరి. ఇది మన యింటిముంగిటి విద్య. ఆ సంస్థ ప్రహరికి లోపలినుండి నడచిన విద్య ప్రహరికి వెలుపల, రహదారికి ఆవలిపక్కనున్న గదులకు చేరలేదు. జొన్నచేనికి దొరకిన శ్రద్ధ కార్మికుని చాపకు దొరకలేదు. 240 కుటుంబముల లెక్క అంత పేరు పొందినప్పుడు, ఇస్నాపూరులో రెండువందల గదులను పదేండ్లు విడువక చూచిన లెక్క యెంత ఉపకరించునో పాఠకులే యోచింతురుగాక.

ఇట్టి పని చేయబూనిన యువతీయువకుల స్థితి నేడెట్లున్నది? జాతీయ పరీక్షలో నెగ్గి ఫెలోషిప్పు పొందినవారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలైనది, సంతోషమే. కాని ఆ పరీక్షలో ఫెలోషిప్పు రానివారికి కేంద్రీయ విశ్వవిద్యాలయములలో ఇచ్చు భృతి పదేండ్లకు పైబడి 8,000 రూపాయలకడనే నిలిచినది. రాష్ట్ర విశ్వవిద్యాలయములలో ఆ మాత్రమును లేనివారెందఱో. ఎనిమిదివేలతో గది అద్దె కట్టి, భోజనము చేసి, బస్సెక్కి ప్రతిసాయంకాలము పారిశ్రామిక వాడకు పోయి, షిఫ్టు దిగిన కూలీతో మాటాడి, అర్ధరాత్రి తిరిగివచ్చుట ఎట్లు? గృహవసతిని గూర్చి పరిశోధించువానికే గృహవసతి లేదు.

స్త్రీల విషయము మఱియు కష్టము. ఒంటరి యువతికి గది యిచ్చుటకు సందేహింతురు. దళిత, ముస్లిము విద్యార్థి పోయి అడిగినచో ముందు కులమేమి, మతమేమి యందురు. పిదప గది ఖాళీ లేదందురు. పుస్తకములో వ్రాయవలసిన అధ్యాయమును వారు గుమ్మముకడనే అనుభవించుచున్నారు. ఇట్టి అనుభవము గలవారే ఈ సమస్యను మఱియెవరికంటెను సూటిగా చూడగలరు. వారినే మనము మొదట వెళ్లగొట్టుచున్నాము.

పనికి పేరు వచ్చుటయు అరుదు. సర్వేకు రోజుకూలి మీద యువకులను తీసికొందురు. ఎండలో తిరిగి, తలుపులు తట్టి, తిట్లుతిని, వంద ప్రశ్నల పత్రములు నింపి తెత్తురు. నివేదిక అచ్చై వచ్చునప్పటికి అట్టమీద పెద్దల పేర్లు. లోపల కృతజ్ఞతలలో 'క్షేత్రసిబ్బంది' అను ఒక్క మాట. పేరు లేనిచో ఆ యువకునికి తరువాతి ఉద్యోగము రాదు. ఉద్యోగము రానిచో అతడు వేఱు పనిలో చేరును. అతనితోపాటు మూడేండ్లు సంపాదించిన తెలివియు పోవును. మరల కొత్తవాడు మొదటినుండి ఆరంభింపవలెను. ఈ జిల్లాకు స్థిరమైన జ్ఞాపకము లేకపోవుటకు ఇది ముఖ్య కారణము.

ఇతర దేశములవారు ఈ విషయమున కొంత మేలుకొన్నారు. ఐరోపా గృహవసతి పరిశోధకుల మండలివారు తమ మొదటి అధ్యక్షుడైన బెంగ్టు టర్నరు పేర, పరిశోధనలో తొలి అడుగులు వేయువారి వ్యాసములకు బహుమతి నేర్పఱచిరి. బ్రిటనులోని గృహవసతి అధ్యయన సంఘమువారు వాలరీ కార్ను అను విదుషి పేర అట్టిదే నడపుచున్నారు. ఆ బహుమతి సొమ్ముకంటె దానివలన వచ్చు పేరు ముఖ్యము. కొత్తవాని పత్రమును పెద్దలు కూర్చుండి చదివిరని, వాదించిరని, మెచ్చిరని లోకమునకు తెలియును. మన దగ్గఱ గుర్తింపన శాలువా కప్పి, పూలదండ వేసి, ఫోటో తీయించి పంపివేయుట. శాలువాలు చాలును, చదువువారు కావలెను.

దీనికి వచ్చు ఆక్షేపణలను మేమెఱుగుదుము. పరిశోధన ఇల్లు కట్టదు, ఆ సొమ్ముతో ఇటుకలు కొనవచ్చునని కొందఱందురు. 2012 లో ఆచార్య అమితాబు కుండూ అధ్యక్షతనుండిన నిపుణుల బృందము దేశములోని పట్టణములలో 1 కోటి 87 లక్షలకు పైగా ఇండ్ల కొఱత యున్నదని తేల్చెను. అందులో ఇల్లే లేనివారి లెక్క 5 లక్షల 30 వేలు మాత్రమే. ఇఱుకు వలన కలిగిన కొఱత కోటిన్నర. ఆ కాలపు జనాభా లెక్కయే పట్టణములలో కోటికి పైగా ఇండ్లు ఖాళీగా నున్నవని చెప్పినది. ఒకచోట ఇఱుకు, ఒకచోట తాళము. ఈ భేదము తెలియక ఇటుకలు కొన్నవాడు ఉన్న తాళములకు మఱికొన్ని చేర్చును. కట్టుటకు కోట్లు వ్యయము చేయువారు, ఎచట కట్టవలెనో తెలిసికొనుటకు అందులో నూటికొక రూపాయి వెచ్చించినను దుబారా కానేరదు.

అనుభవజ్ఞులైన నిపుణులుండగా పిన్నవారెందులకని మఱికొందఱందురు. నిపుణుల తీర్పు అవసరమే. కాని అఱువదేండ్ల ఆచార్యుడు రాత్రి పదిగంటలకు ఇస్నాపూరు గల్లీలో చాపమీద కూర్చుండబోడు. కూలీలలో అధికులు పరిశోధకుని యీడువారే. తోటివానికి చెప్పినట్లు పెద్దకారు దిగినవానికి చెప్పరు. యువకులు ఆవేశపరులు, పక్షపాతులందురేమో. ఆవేశమున్నచో ఉండనిండు. వారి లెక్కలను బహిరంగముగా ప్రకటింపజేయుడు. తప్పున్నచో మఱియొకడు పట్టుకొనును. మూసిపెట్టిన నివేదికలోని పక్షపాతముకంటె తెఱచిన లెక్కలోని తప్పు తక్కువ హానికరము. నివాసము జీవించు హక్కులోని భాగమని సుప్రీంకోర్టు చమేలీ సింగు వ్యాజ్యములో చెప్పియున్నది. హక్కు ఉన్నదని చెప్పుట ఒకటి. ఎవనికి ఎంత లోపించినదో చూపుట మఱియొకటి. రెండవది లేనిదే మొదటిది కాగితముమీదనే యుండును.

కావున చేయవలసిన పనులను క్లుప్తముగా చెప్పుదుము. మొదటిది భృతి. సంగారెడ్డి జిల్లా గృహవసతిని గూర్చి పనిచేయుటకు ఏటేట పదిమంది యువ పరిశోధకులకు, తక్కువపక్షము మూడేండ్లపాటు, గౌరవముగా బ్రతుకదగిన భృతి నీయవలెను. సొమ్మెక్కడిదనిన, 2013 నాటి కంపెనీల చట్టము లాభములలో నూటికి రెండు వంతులు సామాజిక బాధ్యతకు వినియోగింపవలెనని పెద్ద కంపెనీలను విధించియున్నది. ఈ ప్రాంతములో అట్టి కంపెనీలకు కొదువ లేదు. సొమ్ము కంపెనీదైనను ఎన్నిక మాత్రము విశ్వవిద్యాలయములచేతనే యుండవలెను. సొమ్మిచ్చినవాడే తీర్పు వ్రాయుట తగదు.

రెండవది పేరు. ప్రభుత్వపు సొమ్ముతో జరుగు ప్రతి సర్వే నివేదికలోను, తలుపు తట్టినవాని పేరు, వ్రాసినవాని పేరు అచ్చు కావలెను. మూడవది ప్రవేశము. 2005 నాటి సమాచార హక్కు చట్టము నాలుగవ సెక్షను, అడుగకయే దస్త్రములను ప్రకటింపవలెనని చెప్పుచున్నది. కేటాయింపుల పట్టికలు, ఖాళీల లెక్కలు, కార్మికశాఖ నమోదులు, వ్యక్తుల పేర్లు తీసివేసి, పరిశోధకులకు అందుబాటులో నుంచవలెను. నాలుగవది వినికిడి. ఏడాదికొకమాఱు సంగారెడ్డిలో జిల్లా కలెక్టరు, గృహనిర్మాణ, కార్మిక శాఖలవారు, కర్మాగారముల ప్రతినిధులు, కార్మిక సంఘములవారు కూర్చుండి ఆ యేటి పరిశోధనలను బహిరంగముగా వినవలెను. వినుటతో ముగియక, దేనిని అంగీకరించిరో, దేనిని ఎందులకు కాదనిరో వ్రాతమూలకముగా తెలుపవలెను. ఆ సభలోనే ఉత్తమమైన పత్రమునకు బహుమతి నీయవలెను. ఐదవది భాష. ప్రతి పరిశోధనకు సారాంశము తెలుగులో వ్రాయించి పఠనాలయములకు పంపవలెను. ఆంగ్లములో పుట్టి ఆంగ్లములోనే గిట్టు పరిశోధన ఈ జిల్లా ప్రజలకు చెందదు. కూలీల కొఱకు హిందీలో, ఒడియాలో ఒక్కొక్క కరపత్రమైనను వేయుట న్యాయము. ప్రశ్నలకు జవాబు చెప్పినది వారే కదా.

దీనికి కావలసిన విద్యాసంస్థలు మనకు కొదువ లేవు. కందిలో సాంకేతిక విజ్ఞాన సంస్థ, పటాన్‌చెరులో ఇక్రిశాటు, గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయము, బేగంపేటలో ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రము, రాజేంద్రనగరులో గ్రామీణాభివృద్ధి సంస్థ కలవు. ఒకరికొకరు గంట ప్రయాణములోనున్నారు. వీరు కలసి ఒక్క ఊరిని పట్టుకొని పదేండ్లు విడువక అధ్యయనము చేసినచో, దానిని పోలినది దేశములో మఱియొకటి యుండదు.

యువ పరిశోధకులకును ఒక మాట. కూలివాని గదిని మీ పట్టమునకు మెట్టుగా మాత్రము వాడుకొనకుడు. వాని బాధను వ్రాసికొనిపోయి, తిరిగి ముఖము చూపనివాడు అప్పు ఎగవేసినవానితో సమానుడు. వ్రాసినదానిని తెచ్చి, ఆ గల్లీలోనే చదివి వినిపింపుడు, తప్పన్నచో దిద్దుకొనుడు. అప్పుడు మీకు వచ్చు గుర్తింపును ఏ కచేరియు తీసివేయజాలదు.

పట్టణములలోని మా పాఠకులకు మా విన్నపము స్వల్పము. మీ ఊరికి పుస్తకము చేతబట్టుకొని ఒక యువతియో యువకుడో వచ్చి, మీ కిరాయి గదులను గూర్చి అడిగినచో తలుపు మూయకుడు. పన్నులవాడేమోయని భయపడకుడు. ఉండుటకు గది యడిగినచో కులమడుగకుడు. పఠనాలయములవారు నెలకొక సాయంకాలము అట్టివారిని పిలిచి మాటాడింపుడు. వకీళ్లు వారి లెక్కలను చదివి, కోర్టులో పనికివచ్చునట్లు ఎట్లు వ్రాయవలెనో చెప్పుడు. ఇవి సొమ్ముతో కాని పనులు కావు.

కాలము మించలేదు. జహీరాబాదు ప్రాంతమున 12,635 ఎకరములలో జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలము తలపెట్టబడియున్నది. 2024 ఆగస్టు 28 న కేంద్ర మంత్రివర్గము అచటనే పారిశ్రామిక నగరము నొకదానిని ఆమోదించినది. 2024 సెప్టెంబరులో ఆరంభమైన రెండవ విడత ప్రధానమంత్రి ఆవాస యోజనలో అద్దె యిండ్లకు ప్రత్యేక భాగము కలదు. యంత్రములు వచ్చును, వానివెంట వేలకొలది కూలీలు వత్తురు. పటాన్‌చెరులో యాబదియేండ్ల క్రిందట ఎవరు నడుగని ప్రశ్నను జహీరాబాదులో పునాదులు త్రవ్వకముందే అడుగుటకు మనకు వీలు కలిగినది. అడుగువారు సిద్ధముగా నున్నారు. వారికి భృతిని, పేరును, ప్రవేశమును నేడు ఈయనిచో, ఇంకొక యాబదియేండ్లకు మఱియొక ఇస్నాపూరును గూర్చి మఱియొక పత్రిక ఇట్లే వ్రాయవలసివచ్చును. అట్లు కాకుండుగాక.